మూడు మడతల గౌను

ఆరాధన ముగిశాక దర్జీ అక్క చర్చి వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. చిరిగినవీ బిగుతైనవీ తెస్తే ఊరికే సరిచేస్తుంది. ఆ ఆదివారం ఒక తల్లి నీలం గౌను తెచ్చింది.

"చర్చిలో పంచిన బట్టల్లో ఇచ్చారక్కా. మా పిల్ల నీళ్ళు పోసినట్టు పెరుగుతోంది. మోకాళ్ళు కనపడుతున్నాయని తోటిపిల్లలు నవ్వారట. ఇక పాటకి నిలబడనని ఒకటే ఏడుపు. కాస్త దించుతారా?"

దర్జీ అంచు తిరగేసింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గుడ్డ లేదా అక్కా?"

"ఉంది. లోపల మూడు మడతలున్నాయి."

"మూడా! ఎవరో మహాతల్లి, పెళ్ళిదాకా ఇదే తొడుగుదామనుకుందేమో!"

"ఆశ ఎక్కువ మనిషిలే."

బ్లేడుతో ఒక మడత విప్పింది. లోపలి గుడ్డ ఎండ తగలక కొత్తదిలా ఉంది. అంచు కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

"మిగతా రెండూ నేనే విప్పుతాను. పిల్ల పెరగ్గానే తీసుకురా."

ఆ మడతలు తన కూతురి కోసం ఆమే వేసింది. ఆ పాప గౌను తొడుక్కుంది ఒక్క ఆదివారమే. మొదటి మడత విప్పే దాకా బతకలేదు.