ఇసుకలో ఏడో నంబరు

బూట్ల కొట్టు యజమాని దగ్గర అప్పటికి ఉన్నవి మూడు: సగం తాగిన నీళ్ల సీసా, దాచమని భార్య ఇచ్చిన ఆవిడ ఫోను, ఇరవై ఏళ్ల వ్యాపార అనుభవం. లేనిది భార్య.

"ఇవాళొక్క రోజన్నా కొట్టు ఊసెత్తకుండా నాతో నడవండి" అని ఆవిడ అడిగి గంట కాలేదు, సరుకు గురించి ఫోనొచ్చింది. నీడలో నిలబడి మాట్లాడాడు. పెట్టేసి తలెత్తితే దారి ఖాళీ.

రక్షిత వనంలో ఇసుక బాట సరిగ్గా అక్కడే రెండుగా చీలింది. అటుగా వస్తున్న గార్డుని ఆపాడు.

"ఎడమవైపుది అరగంటలో గేటుకి తిరిగొస్తుంది సార్. కుడివైపుది చెరువు దాకా పోతుంది. అయిదింటికి గేటు మూసేస్తాం. అమ్మగారు ఎటెళ్లారో?"

"అదెంత పని?" కొట్టు యజమాని వంగి ఇసుక చూశాడు. "ఇదిగో, ఆకుల గుర్తు. ఏడో నంబరు. ఎవరూ కొనట్లేదని ఈ రకమంతా కంపెనీకి తిప్పి పంపేశా. మిగిలిన ఒక్క జత మా ఆవిడకిచ్చా. ఇంకెవరి కాళ్లకీ ఉండవు. కుడివైపే!"

"అమ్ముడుపోకపోవడమే మంచిదైంది సార్. లేకపోతే అమ్మగారు దొరికేవారు కాదు."

పక్కనున్న చెత్తబుట్టలో అట్ట ఊడిన బూట్లు కనబడ్డాయి. "చూశావా, మా ఎదురు కొట్టు సరుకు! నా దగ్గర కొనుంటే ఈ గతి పట్టేదా?"

గార్డు నవ్వుకుంటూ వెంట నడిచాడు. కొంచెం దూరం పోయాక ఆగి చూపించాడు. "పక్కన ఇంకెవరో ఉన్నారు సార్. వట్టికాళ్లు."

"చిన్న పాదం. అయిదో నంబరుంటుంది. పన్నెండేళ్ల పిల్ల." కొట్టు యజమాని నాలుక చప్పరించాడు. "వేడి ఇసుకలో చెప్పుల్లేకుండా తిప్పుతున్నారు. తీసుకొచ్చినవాడెవడో గాని బుద్ధుండాలి."

ఆ పిల్ల అడుగులు ఒకచోట గెంతాయి. ఒకచోట పొద చుట్టూ తిరిగొచ్చాయి. ఆయనకి వాటికంటే ఏడో నంబరు అడుగులే వింతగా తోచాయి. తేటగా, ముద్ర గుద్దినట్టున్నాయి.

"మా ఆవిడ కాళ్లీడుస్తూ నడుస్తుందయ్యా. పెళ్లైనప్పట్నుంచీ అంతే. ఇవాళేంటి ఇంత ఠీవిగా వేసింది అడుగు?"

"కోపం మీదున్నారేమో."

"కోపమొస్తే ఇంకా ఈడుస్తుంది." సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. తను పక్కన లేకపోతే ఆవిడ నడకే మారిపోతుందా? నాలుగున్నరైంది. పరుగులాంటి నడక మొదలెట్టాడు.

చెరువు గట్టున ఆకుల గుర్తు బూట్లు కనిపించాయి. వాటిలో ఉన్నది మాత్రం నెరిసిన జుట్టున్న ఎవరో ఆవిడ.

"ఆ బూట్లు..." అన్నాడు రొప్పుతూ.

"మీ ఆవిడవాండీ? టీచరుగా రిటైరయ్యి నడక మొదలెట్టానో లేదో, నా బూట్లకి అట్ట ఊడిపోయింది. పాపం, తనవి విప్పిచ్చారు. వేళ్ల దగ్గర కుక్కిన దూది తీసేస్తే నాకు కొలిచి కుట్టినట్టున్నాయి!"

"దూదా?"

"వచ్చారా? ఫోను అయిందా?" పక్కనే బండ మీద భార్య. నీళ్లలో కాళ్లాడిస్తోంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే గేటు గుర్తొచ్చింది. "లే లే, మూసేస్తారు. ముందా పిల్లని కేకెయ్యండి, వట్టికాళ్లతో ఎటు పోయిందో!"

"ఏ పిల్లండీ?" అంది టీచరు. "వచ్చింది మేమిద్దరమే."

గార్డు ఎందుకో పిట్టల్ని చూడటం మొదలెట్టాడు. భార్య నీళ్లలోంచి పాదం తీసి, తడి ఇసుక మీద ఆనించి, మెల్లగా ఎత్తింది.

కొట్టులో వేలమందికి చేసినట్టే, ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ గుర్తు మీద జేన పెట్టాడు. ఆ రోజు మొత్తం మీద పోయింది ఏడో నంబరు జత ఒకటి. ఇరవై ఏళ్ల తర్వాత చేతికొచ్చింది భార్య నంబరు, అయిదు.