జగజ్జేత పోతులు

వాగు ఇవతలి అడవిలో దున్నపోతులు వెలగకాయను నోట కరుచుకుని, ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ పరిగెత్తేవి. దానికి కాలాట అని పేరు పెట్టుకున్నాయి. అక్కడి గేదెలు మాత్రం కాయను కాలితోనే తన్ని ఆడేవి. వాగు అవతలి అడవులన్నిటా ఆడేదీ అలాగే.

ఒకసారి కర్రి అనే గేదె తన జట్టుతో వాగు దాటి వెళ్లి, ఆ అడవులన్నిటినీ ఓడించి, వాచిన కాళ్లతో తిరిగొచ్చింది. ఆట బయలులో పెద్దపోతు అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండి, మా ఆటకి వేళయింది. మీ ఆటలో పొద్దస్తమానం తన్నినా ఒక్కోసారి ఇద్దరికీ సున్నాయేనట! అదీ ఒక ఆటేనా?"

కర్రికి ఒళ్లు మండిపోయింది. "కాయ నోట్లో పెట్టుకుని కాలాటంటారా, సిగ్గులేదూ? అన్ని అడవులనీ గెలిచొస్తే ఒక్కరైనా తలెత్తి చూశారా?"

"మీరేం గెలిచినా జగజ్జేతలం మేమే. ఏటేటా మేమే!"

"ఎవరిమీద గెలిచారు?"

"ఇదిగో, వీళ్లమీద," అంటూ పోతు పక్కనున్న తన అన్నదమ్ముల్నే చూపించింది.

కర్రి పోతుల ముందున్న వెలగకాయను ఈడ్చి ఒక్క తన్ను తన్నింది. అది వాగు అవతల పడింది.

"జగజ్జేతలు కదా, వెళ్లి తెచ్చుకోండి!"

పోతులన్నీ ఒడ్డుదాకా పరిగెత్తి ఆగిపోయాయి. అవతలికి దారి ఏ ఒక్కదానికీ తెలియదు.