ఏడుపు సీను

పాప ఏడవడం లేదు. అదీ సమస్య.

పెట్టె పట్టుకుని ఇల్లు వదిలిపోతున్న అమ్మను చూసి, గుమ్మంలో నిలబడిన పాప బావురుమనాలి. సీను అంతే. కానీ అమ్మ పాట ఎత్తుకోగానే పాప కిలకిలా నవ్వి తనూ గొంతు కలుపుతోంది. రెండో చరణం కూడా తప్పు పోకుండా పాడేస్తోంది.

"కట్! ఇదేం చోద్యమక్కా?" దర్శకుడు తల పట్టుకున్నాడు. "అమ్మ వెళ్ళిపోతుంటే కచేరీ పెట్టిందేంటి మీ పిచ్చుక?"

యూనిట్ అంతా ఘొల్లుమంది. పిచ్చుక అందరికంటే గట్టిగా నవ్వింది.

అక్క ఈ సినిమాలో కథానాయిక. తన పాటలు తనే పాడుకుంటుంది. పిచ్చుక ఆమె సొంత కూతురు. ఇంకా ఐదేళ్ళు నిండలేదు. ఈ పాటను ఆమె ఇంట్లో గిన్నెలు సర్దుతూ, పిచ్చుకకు జడలు వేస్తూ సాధన చేసింది. పాపకు రాకుండా ఎలా ఉంటుంది?

నిజానికి ఈ వేషానికి వేరే పిల్లను మాట్లాడుకున్నారు. నిన్న సాయంత్రం ఆమె దర్శకుడికి ఫోన్ చేసింది.

"రేపు మా పిచ్చుకను పెట్టు తమ్ముడూ. ఒక్క రోజే."

"అమ్మో! బావగారు నన్ను బతకనిస్తారా?"

"ఆయన ఒప్పుకున్నారు."

ఒప్పుకున్న బావగారు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చీకటి పడేలోపు కూతురిని తీసుకుని బయలుదేరాలి. ఆయన తల్లిగారి ఊరు చాలా దూరం.

ఆయనకు ఈ రంగం మొదటినుంచీ గిట్టదు. పాప తొలిసారి మాట పలికినప్పుడు ఆమె రికార్డింగ్‌లో ఉంది. ఆ మాట ఫోన్లో వింది. పాపకు జ్వరం వచ్చినప్పుడు వేరే ఊళ్ళో షూటింగ్. ముఖాన ముసలమ్మ వేషం కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి మంచం పక్కన కూలబడింది. ఆ ముసలమ్మ ముఖాన్ని పాప గుర్తుపట్టలేదు. కెవ్వుమని నాన్న మెడ కరుచుకుంది. ఈ సంగతి ఆయన చాలాసార్లు, చాలామంది ముందు చెప్పాడు.

"బావగారూ, మీరైనా ఒకసారి కసరండి!" దర్శకుడు కేకేశాడు.

ఆయన నవ్వలేదు. "తొందరగా కానివ్వండి," అన్నాడు.

మళ్ళీ తీశారు. దర్శకుడు పాప బొమ్మ దాచేశాడు. కళ్ళు ఉరిమాడు. పిచ్చుక అతని మీసం చూసి నవ్వింది.

టేకుకీ టేకుకీ మధ్య ఆమె పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పండు ముక్కలు తినిపించింది. జడ విప్పి మళ్ళీ అల్లింది.

"జడ బాగానే ఉందక్కా," అన్నాడు దర్శకుడు. " వెలుతురు పోతోంది. పిల్లలని ఏడిపించడానికి మా దగ్గర ఒక్కటే మంత్రం. మీ అమ్మ వెళ్ళిపోయింది, ఇక రాదు అంటాం. దెబ్బకి ఏడుస్తారు. ఈ పిల్లకేమో అమ్మ ఎదురుగానే ఉందాయె!"

రిబ్బను కడుతున్న ఆమె చేతులు ఆగాయి.

"నేను చెబుతా. కెమెరా సిద్ధం చేసుకో."

మోకాళ్ళ మీద కూర్చుని పిచ్చుక చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. పాప మొదట నవ్వింది. తర్వాత అమ్మ ముఖంలోకి చూసింది. గేటు దగ్గరున్న నాన్నను చూసింది. మళ్ళీ అమ్మను చూసింది.

అప్పుడు ఏడ్చింది.

లైట్ల దగ్గరున్న వాళ్ళు కూడా తలలు పక్కకు తిప్పుకున్నారు. ఆమె పెట్టె పట్టుకుని, పాడుతూ, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. గొంతు ఎక్కడా వణకలేదు.

"ఓకే! అదిరిపోయిందక్కా!"

అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక మాత్రం ఏడుపు ఆపలేదు. పరుగున వచ్చి అమ్మ కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

"వద్దమ్మా. నేను అల్లరి చెయ్యనమ్మా. నువ్వూ రా అమ్మా."

దర్శకుడి ముఖంలో నవ్వు పోయింది. "ఇంతకీ ఏం చెప్పావక్కా?"

"నువ్వు చెప్పమన్నదే. అమ్మ ఇక నీతో ఉండదు అని."

"అయ్యో, పసిది నమ్మేసింది! ఉత్తిదేనని చెప్పేయక్కా, గుక్కపట్టేలా ఉంది."

ఆమె పాప వీపు నిమురుతూ ఉండిపోయింది. బావగారు కుర్చీలోంచి లేచి వచ్చి, పాప కోసం చేతులు చాచాడు.

పాప ఇకమీదట తండ్రి దగ్గరే ఉండాలని నిన్న కోర్టులో తీర్పు వచ్చిన దగ్గర్నుంచి, ఆమె కూతురికి చెప్పలేకపోయిన మాట అదొక్కటే.