బిరడా ఊళ్ళో దొంగతనం

వెంకటప్పయ్య చేతికి లొంగని తాళం తిరువూరు తాలూకాలో లేదు. ఒకసారి రైస్‌మిల్లు షావుకారు బీరువా తాళంచెవి పోగొట్టుకుని కబురు పెడితే, ఆయన వెళ్ళి బీరువా ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. అంతే, తలుపు తెరుచుకుంది. ఈ వెంకటప్పయ్య నేనే. నన్ను నేనే పొగుడుకుంటే చూసేవాళ్ళకి బాగుండదని, ఎవరో పరాయి మనిషి సంగతిలా రాస్తున్నాను.

అలాంటి చెయ్యి కిందటి వేసవిలో ఐర్లాండులో, సొంత అల్లుడింట్లో దొంగతనానికి దిగింది. ఎత్తుకుపోవాల్సింది తన పాస్‌పోర్టే.

కూతురు రుచిత, అల్లుడు కిరీటి ఉండేది కార్క్ అనే ఊళ్ళో. కార్క్ అంటే సీసా బిరడా అని తెలిసిన దగ్గర్నుంచీ వెంకటప్పయ్యకి ఊపిరి ఆడలేదు. వచ్చేటప్పుడు హుషారుగానే విమానం ఎక్కాడు. కానీ వినగడప దగ్గరి తన మామిడితోటలో రసాలు కోతకొస్తున్నాయని ఫోనులో వినగానే మనసు అక్కడ నిలవలేదు. పెళ్ళయిన నాటి నుంచీ కోత రోజున ఆయన తోటలో లేని ఏడాది లేదు. మొదటి కాయ ఆయన చేత్తో కోస్తేగాని మిగతావాళ్ళు కాయలు దింపే చిక్కం పట్టరు.

వెళ్తానని పిల్లలతో చెప్పొచ్చుగా అంటారు. అక్కడే ఉంది చిక్కు. చెబితే వాళ్ళు బెంగ పెట్టుకుంటారు. ఆయన లేనిదే ఆ ఇల్లు నడవదు మరి. గదులు వెచ్చబెట్టే మిషన్ కరెంటు దండగని ఎప్పటికప్పుడు ఆపేది ఆయనే. ఎండ తగిలే చోటు అదొక్కటే కనక, పక్కింటి ముసలావిడ కారు మీద వడియాలు పెట్టించింది ఆయనే. ఎండుమిరపకాయల పోపు వేసి, పొగొస్తే కూసే గంట పనిచేస్తోందో లేదో రోజూ పరీక్షించేది ఆయనే. కిరీటి ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటుంటే, బనీనుతో వెనక నిలబడి, కంప్యూటర్లో కనిపించే దొరలందరికీ రైస్‌మిల్లు బీరువా కథ చెప్పిందీ ఆయనే.

ఇంత అక్కరకొచ్చే మనిషిని ఎవరు వదులుకుంటారు? అందుకే చెప్పకుండా జారుకోవాలనుకున్నాడు. టికెట్టు సంగతి తిరువూరులో ట్రావెల్స్ నడిపే నవీన్ కుమార్ ఫోను మీదే చూసుకుంటానన్నాడు. ఇక కావాల్సింది పాస్‌పోర్టులు. అవేమో మేడమీద అలమరాలో, తాళం వెనక ఉన్నాయి.

పథకం భార్య సరోజినీదేవికి చెప్పాడు. కూతుర్ని వదిలి రావాలంటే కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాడు. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అంతా వింది.

"నాది తర్వాత చూద్దాంలెండి. ముందు మీది తియ్యండి. నేను మెట్ల దగ్గర కూర్చుంటా. ఎవరన్నా వస్తే దగ్గుతా."

"పట్టుబడతామని భయంగా లేదూ నీకు?"

"మీ చెయ్యి సంగతి నాకు తెలీదేంటి."

మొగుడి మీద ఇంత నమ్మకం ఉన్న ఇల్లాలు ఎవరికి దొరుకుతుందని వెంకటప్పయ్య పొంగిపోయాడు.

రుచిత ఆఫీసుకి వెళ్ళింది. కిరీటి కింద గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. వెంకటప్పయ్య పిల్లిలా మెట్లెక్కాడు. మోకాళ్ళు మాత్రం పిల్లివి కావు, మెట్టు మెట్టుకీ టక్కుమన్నాయి. సరోజినీదేవి కొప్పులోంచి తీసిన పిన్ను తాళంలో దూర్చాడు. కదల్లేదు. గొంతు సవరించుకుని చూశాడు. దొరల తాళం, పట్టించుకోలేదు. రైస్‌మిల్లు బీరువాకి గొళ్ళెం ముందే ఊడి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అయినా వదల్లేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బుజ్జగించాడు, గంపలగూడెం తిట్లు తిట్టాడు. చెమటలు కారుతుండగా తలుపు లాగాడు. పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఒక్కటే ఉంది. అది ఆయనదే.

కింద దగ్గు వినిపించింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కిరీటి.

దొంగతనం బయటపడితే పడింది, ఈ పిల్లాడి మనసు విరిగిపోతుందే అని వెంకటప్పయ్య బాధ. ఏం చెప్పి ఓదార్చాలా అని మాటలు కూడదీసుకుంటున్నాడు. ఈలోగా కిరీటే మెల్లిగా అడిగాడు.

"దొరికిందా మావయ్యగారూ? లోపల టికెట్టు కూడా పెట్టాను చూడండి. రేపు పొద్దునకి. కిటికీ పక్క సీటే తీసుకున్నాను."

వెంకటప్పయ్య పేజీలు తిప్పి చూశాడు. ఉంది. ఒక్క మనిషికే.

"మరి మీ అత్తయ్యగారిది?"

కిరీటి మెట్లకేసి చూశాడు. దగ్గు పూర్తిగా తగ్గిపోయిన గొంతుతో కింద నుంచి సరోజినీదేవే అంది.

"ఏమండీ, పెట్టె సర్దేశాను. మీ మందులు చేతిసంచిలో ఉన్నాయి. దిగి అన్నానికి రండి."

కోత నాటికి తోటలో ఉన్నాను. సరోజినీదేవి మాత్రం వీసా అయిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. ఫోను చేసినప్పుడల్లా ఇల్లు ఇప్పుడు వెచ్చగా ఉందని చెప్పేది.

నేను ఐర్లాండు నుంచి తప్పించుకొచ్చిన వైనం తిరువూరు బస్టాండులో ఎందరికో చెప్పాను, అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ తాళం. అలమరా తలుపు బార్లా తీసే ఉంది, ఎక్కడ నా కంటికి ఆనదో అని సరోజినీదేవి పాస్‌పోర్టు మీద నా కళ్ళజోడు కూడా పెట్టి ఉంచింది.