ఎర్రమట్టి బొట్టు

ఏటిగట్టున మొలిచే రెల్లు ఎంత వానకి తడిసినా కుళ్లదు. దాంతో గిజిగాళ్లు అల్లే గూళ్లకి అడవంతా గిరాకీ. పిట్టలు గింజలు తెచ్చిచ్చి గూళ్లు పట్టుకెళ్లేవి.

అది చూసి ఓ పిచ్చుక ఎండుగడ్డి చుట్టబెట్టి, "ఇవీ ఏటిగట్టు గూళ్లే" అని అందరికీ అంటగట్టింది. తొలివానకే అవి ఊడిపడ్డాయి, గుడ్లు చితికాయి. తిట్లు మాత్రం గిజిగాళ్లు తిన్నాయి. గట్టుకి వచ్చేవాళ్లే లేకపోయారు.

రత్తి అనే ముసలి ఆడ గిజిగాడు అడవిపెద్ద ఏనుగు దగ్గరికెళ్లింది.

"రెల్లు మా గట్టుది, అల్లిక మాది. ఆ పేరు కూడా మాకే ఉండాలి తాతా" అంది.

గిజిగాళ్లకి గూట్లో తడిమట్టి అద్దే అలవాటు ఎప్పటినుంచో ఉంది. రత్తి చూసి ఎర్రమట్టి బొట్టు పెట్టిందే ఏటిగట్టు గూడని ఏనుగు చాటింపు వేయించింది. మళ్లీ పిట్టలు బారులు తీరాయి. రెల్లు విలువ తెలిసొచ్చి గిజిగాళ్లు సగం గట్టుని కోయకుండా విత్తనానికి వదిలాయి. రెండేళ్లలో రెల్లు ఏటి మలుపు దాకా పాకింది. గిజిగాళ్ల కాపురాలూ అంత దూరం పెరిగాయి.

ఓరోజు రత్తి కొడుకు గూడు తెచ్చాడు. రత్తి లోపలి పొర లాగి చూసింది. ఎండుగడ్డి.

"బొట్టు పెట్టను."

"నీ కొడుకునే కదమ్మా."

"నీకు పెడితే ఆ పిచ్చుకని ఏ మొహంతో ఆపను?"

కొమ్మ మీంచి పిచ్చుక అంతా విన్నది. మర్నాడు పొద్దున్నే ముక్కున గింజ పట్టుకుని వచ్చి వరసలో నిలబడింది. దానికి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.