వరసలో నాలుగోవాడు

గొలుసు తెంపింది నాలుగోవాడే. ఆ సంగతి ఆ గదిలో అతనొక్కడికే తెలుసు.

పోలీసు స్టేషన్ వెనక గదిలో ఆరుగురు మగవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. అందరివీ మాసిన చొక్కాలే, అందరివీ రబ్బరు చెప్పులే. కాసేపట్లో ఒకావిడ వస్తుంది. మొన్న సందులో కత్తి చూపించి తన మెడలో గొలుసు తెంపుకుపోయినవాణ్ణి వేలెత్తి చూపాలి. చూపిస్తే కేసు తేలిపోతుంది. నాలుగోవాడి బతుకూ తేలిపోతుంది.

ఆ వరసలో నిలబడటం అతనికి సుతరామూ ఇష్టం లేదు. "నువ్వూ రా, నాలుగో చోట నిలబడు" అని ఇన్‌స్పెక్టర్ అన్నాక కాదనే ధైర్యం చాలలేదు. కాదంటే లేనిపోని అనుమానం.

ఆ గది అతనికి కొత్తేమీ కాదు. గోడకు ఏ పెచ్చు ఎప్పుడూడిందో కూడా చెప్పగలడు. స్టేషన్‌కి వెళ్ళిన మొగుడు ఎప్పుడు తిరిగొస్తాడో తెలియకపోవడం అతని భార్యకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటే. అతని భయమంతా కూతురి గురించి. నాన్నంటే దానికి ప్రాణం. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున గొలుసుందని తెలిస్తే ఆ పిల్ల జన్మలో తన ముఖం చూడదు.

తలుపు తెరుచుకుంది. ముందు ఇన్‌స్పెక్టర్, వెనక ఆవిడ, ఆవిడ వెనక ఆవిడ తమ్ముడు. ఆవిడ దర్జీ పని చేస్తుంది. తమ్ముడు కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్తాడు. జీతం ఇవ్వకపోయినా, బయట కూడా చెప్తాడు.

"ఒకసారి చూసిన మనిషిని మర్చిపోవడం నా వల్ల కాదండీ. టేపు పెట్టకుండానే భుజాల కొలత చెప్పేస్తాను," అంది ఆవిడ.

నాలుగోవాడు కుడి భుజం రవ్వంత కిందికి జార్చాడు.

"అక్కా, ఆ రోజు నువ్వు చూసింది కత్తిని," అన్నాడు తమ్ముడు. "కత్తి కనబడితే కళ్ళు దాన్ని వదలవు. ముఖం చూశామని మనం అనుకుంటాం, అంతే. తర్వాత బుర్రే ఓ ముఖం కుట్టి తగిలిస్తుంది."

"కుట్టడం గురించి నాకు చెప్తున్నావట్రా?"

"నిదానంగా చూడండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మొదటివాణ్ణి చూసి ఆవిడ పెదవి విరిచింది. రెండోవాడు మరీ పొట్టి. మూడోవాడి దగ్గర ఆగింది. ప్రెస్సులో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే అనుమానం మీద పట్టుకొచ్చారు అతన్ని. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. గడ్డం మాసి ఉంది. నిద్ర చెడినందుకు అందరి మీదా మండిపడుతున్నాడు. ఏ తప్పూ చెయ్యనివాడు కాబట్టి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

ఆవిడ నాలుగోవాడి ముందుకు జరిగింది. అతను వినయంగా తల దించుకున్నాడు.

"నిన్నెక్కడో చూశానయ్యా," అంది.

అతనికి కూతురు కళ్ళ ముందు మెదిలింది.

"ఎక్కడో చూడటం వేరక్కా, అక్కడ చూడటం వేరు," అన్నాడు తమ్ముడు. "ముఖం గుర్తుంటుంది, ఎక్కడ చూశామో గుర్తుండదు. బుర్ర తొందరపడి రెంటికీ ముడేస్తుంది. అమాయకులు ఇరుక్కునేది అక్కడే."

ఇన్‌స్పెక్టర్ మీసం చాటున నవ్వుకున్నాడు.

ఆవిడ ఆలోచనలో పడింది. చదువుకున్నవాళ్ళంటే నాలుగోవాడికి మొదటిసారి గౌరవం కలిగింది.

అయిదోవాణ్ణీ ఆరోవాణ్ణీ పైపైన చూసి, ఆవిడ చరచరా వెనక్కి వచ్చింది. మూడోవాడి ముందు నిలబడి వేలెత్తింది.

"వీడే. ఆ చూపు చూడండి, నమిలి మింగేసేలా! ఆ చూపు చచ్చినా మర్చిపోను."

"బాగా ఆలోచించి చెప్పండమ్మా."

"ఆలోచించేదేముందండీ? కళ్ళారా చూసింది అబద్ధమవుతుందా?"

తమ్ముడు నోరు తెరవబోయాడు. "నువ్వు నోర్ముయ్" అంది అక్క. మూశాడు.

"అమ్మా, మీరెవరో కూడా నాకు తెలీదు. నేనసలు ఆ సందు వైపే రాలేదమ్మా!" మూడోవాడు బావురుమన్నాడు.

"దొంగలంతా అనే మాటే ఇది," అంది ఆవిడ.

నాలుగోవాడికి నిజంగానే జాలేసింది. పాపం, అనుకున్నాడు. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మిగతావాళ్ళను వెళ్ళమని ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపాడు. నాలుగోవాడు పక్క గదిలోకి వెళ్ళి, మేకుకు తగిలించి ఉన్న తన యూనిఫాం తొడుక్కుని, టోపీ సర్దుకుంటూ తిరిగొచ్చి మూడోవాడి చేతులకు బేడీలు వేశాడు.