మూగత్త కాలి దెబ్బ

ఒకానొక మడుగులో కప్పలన్నీ గొంతెత్తి పాడుతుంటే, మూగత్త అనే ముసలి బోదురుకప్ప మాత్రం పాడేది కాదు. రాతి మీద కూర్చుని కాలితో నీటిని టప్పున కొట్టేది. అంతే, అందరూ నోరు మూయాలి. రెండో దెబ్బకు అందరూ ఒక్కసారిగా పాట అందుకోవాలి.

పచ్చన్నకు ఒళ్లు మండేది. మడుగులోకెల్లా పెద్ద గొంతు అతనిదే మరి! "పాడటం చేతకాదు గానీ, పాడేవాళ్ల నోరు మూయిస్తుందా?" అంటూ నలుగురినీ కూడగట్టి, ఒక ఉదయం ఆమెను గట్టు మీదికి తరిమేశాడు.

ఇక అడ్డేముంది? ఎవరికి తోచినప్పుడు వాళ్లు అరిచారు.

పొద్దెక్కింది. పురుగుల కోసం జమ్ముగడ్డిలోకి వెళ్లిన పచ్చన్న కూతురు నాచమ్మ తిరిగి రాలేదు. అటువైపు నీటిపాము వెళ్లిందని ఎవరో అన్నారు. "నాచమ్మా!" అని పచ్చన్న గొంతు చించుకున్నాడు. సాయంగా అందరూ అరిచారు. ఆ గోలలో తన గొంతే తనకు వినబడలేదు.

ఒక్క గెంతులో గట్టెక్కాడు. "అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క దెబ్బ కొట్టు!"

మూగత్త రాతి మీదికి వచ్చి కొట్టింది. అలవాటు కొద్దీ అందరూ గప్‌చుప్. అప్పుడు వినబడింది, జమ్ములోంచి సన్నగా "బెక్" అని. మళ్లీ కొట్టింది. మడుగంతా ఒక్క గొంతై పిలిచింది. ఆగింది. పిలిచింది. ఆగిన ప్రతిసారీ ఆ "బెక్" దగ్గరైంది. దాని వెనకే జమ్మూ కదిలింది.

చివరికి నాచమ్మ ఎగిరొచ్చి తండ్రి వీపు మీద పడింది. వెంటనే నిలదీసింది.

"ఇందాకటిదాకా ఒక్కసారైనా పిలవలేదేం నాన్నా?"